రాడ్డు లేని సైకిలు

లింగస్వామి సైకిలు విరిగిన సంగతి చండూరులో తెలియనివాళ్ళు లేరు. విరగడానికి ఇంకో రోజు, ఇంకో జాగా దొరకనట్టు అది సరిగ్గా అంగడి రోజున అంగడి నడుమకొచ్చి విరిగింది. సీటు కింది అతుకు పటుక్కుమంది. వెనక చీరల మూట, ముందర తువ్వాళ్ళ సంచి, నడుమ లింగస్వామి, అంతా కలిసి ఓ ముసలమ్మ పోసుకున్న ఉల్లిగడ్డల కుప్ప మీద కూలబడ్డారు. ముసలమ్మ అతని ఏడు తరాలనూ వరసపెట్టి తిట్టింది. లింగస్వామి మాత్రం మూటను గుండెలకు హత్తుకుని కూర్చున్నాడు. చీరలకు మరక కాలేదని చూసుకున్నాకనే మోచేతికి రక్తం వస్తున్నదని చూసుకున్నాడు.

ఫ్రేము పాతదైంది, అందుకే విరిగిందని చూసినవాళ్ళంతా అన్నారు. అది నిజమే. కానీ ఫ్రేము విరిగితే మనిషి పడాలని లేదు. చటుక్కున కాలు చాపి నేల మీద నిలబడొచ్చు. పెళ్ళికి ముందు నుంచీ సైకిలు మీదనే బతుకుతున్నవాడికి అది పెద్ద పనేం కాదు. కాలు రాలేదు. ఆ సంగతి లింగస్వామికొక్కడికే తెలుసు, అతను దాన్ని ఎవరికీ చెప్పదల్చుకోలేదు.

ఇది ఎనభై ఏడులో మాట. లింగస్వామి పద్మశాలి ఇంట పుట్టాడు గానీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం అతనికి ఎన్నడూ నచ్చలేదు. వాడకట్టులో నేసిన చీరలూ తువ్వాళ్ళూ మూటగట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముకొచ్చే పని పట్టాడు. రోజూ పొద్దున మునుగోడు వైపో మర్రిగూడ వైపో బయల్దేరుతాడు. పెద్ద బాటకు తారుంటుంది. అక్కణ్ణుంచి ఊళ్ళలోకి దిగే బాటలన్నీ కంకర, మొరం, ఎండిన వాగుల ఇసుక. ఏడాదికొకసారి ఫాల్గుణంలో యాదగిరిగుట్ట జాతరకు కూడా సైకిలు మీదనే పోతాడు. రాత్రికి భువనగిరిలో ఎక్కడో తల వాల్చి తెల్లారి గుట్ట చేరుకుంటాడు. బస్సుల్లేవా అని అడిగితే, బస్సులో కూర్చున్నవాణ్ణి బాటలో ఎవరు పలకరిస్తారని ఎదురడుగుతాడు. అతనికి చీరలు అమ్మడం కన్నా పలకరింపులు ముఖ్యమని అతని భార్య లక్ష్మీనర్సమ్మ అంటుంది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

ఏడాదిగా అతని మోకాళ్ళు బిగుసుకుంటున్నాయి. ఆ చుట్టుపక్కల ఇది వింత కాదు. నీళ్ళలో ఫ్లోరిన్ ఉందని, అవి తాగితే ఎముకలు గట్టిపడతాయని, దానికి మందు లేదని దవాఖాన వాళ్ళు చెప్పి పోయారు. వాడకట్టుకొకరు మెడ తిరగనివాళ్ళో నడుము వంగినవాళ్ళో ఉండనే ఉన్నారు. వాళ్ళను జనం చెడ్డగా చూడరు. పాపం, చాలా మంచిగా చూస్తారు. గోడ పక్కన మంచం వేసి కూర్చోబెడతారు, అన్నం అక్కడికే తెచ్చిస్తారు. ఆ తర్వాత వాళ్ళను ఏ పనికీ పిలవరు, ఏ మాటా అడగరు. లింగస్వామికి నొప్పంటే భయం లేదు. ఆ మంచం అంటే భయం. ఒకసారి దాంట్లో కూర్చోబెట్టారంటే ఇక తను మనుషుల లెక్కలో ఉండడని అతను లోలోపల వణికిపోతున్నాడు.

పైగా మూటల వాడికి సైకిలెక్కడం అందరికీ అయినట్టు కాదు. మామూలు మనిషి కాలును వెనక నుంచి తిప్పి వేస్తాడు. క్యారియర్ మీద నడుమెత్తు మూట ఉంటే కాలు వెనక నుంచి తిరగదు. మోకాలు మడిచి ఛాతీ దాకా ఎత్తి, ముందు నుంచి రాడ్డు దాటించాలి. అది చేతగాక లింగస్వామి కొన్నాళ్ళుగా ఏ అరుగు పక్కనో, ఏ బండ పక్కనో సైకిలు ఆపి, ఆ ఎత్తు మీద నిలబడి ఎక్కుతున్నాడు. ఎవరైనా చూస్తే చెప్పులో రాయి పడిందంటాడు. అతని చెప్పుల్లో పడ్డ రాళ్ళన్నీ పోగేస్తే ఓ ప్రహరీ గోడ లేచేది.

విరిగిన సైకిలును తోసుకుంటూ పీర్ మహమ్మద్ దుకాణానికి పోయాడు. పీర్ మహమ్మద్ బస్టాండు వెనక సైకిళ్ళు కిరాయికిస్తాడు, పంచర్లు వేస్తాడు, కొత్త ఫ్రేముకు పాత సామాను ఎక్కించి నిలబెడతాడు. ఇద్దరూ చిన్ననాటి దోస్తులు. సాయం చేయడంలో పీర్ మహమ్మద్‌ను మించినవాడు లేడు. అడిగిన దానికి రెండింతలు చేస్తాడు. చిక్కులన్నీ ఆ రెండో ఇంత వల్లనే వస్తుంటాయి.

"దీనికి మల్ల అతుకు పెట్టుడు దండుగ లింగన్న," అన్నాడు పీర్ మహమ్మద్ ఫ్రేమును తిప్పి చూసి. "ఒకపారి వెల్డింగ్ పెట్టిస్తివి, గా పక్కకే పగిలింది. కొత్తదే తీస్కో."

గోడకు నాలుగు ఫ్రేములు వేలాడుతున్నాయి. పీర్ మహమ్మద్ ఒక్కోదాన్ని దించి, పానాతో కొట్టి చప్పుడు వినిపించాడు.

"గిది ఇరవై నాలుగు ఇంచులది, నీ పొడుగుకు సరిపోతది. గిది ఇరవై రెండు, జర పొట్టి. గీ రెండు రాడ్లది చూడు. పాలోళ్ళు, కల్లోళ్ళు గిదే అడుగుతరు. అతుకులన్ని ఇత్తడి పోసి చేసినయి. కంకర మీద ఎంత బరువేస్కపోయినా కదలదు. నేనైతే నీకు గిదే ఇస్త."

ఒక్క రాడ్డుతోనే చస్తుంటే రెండా అనుకున్నాడు లింగస్వామి. అతని కళ్ళు నాలుగో దాని మీద పడ్డాయి. మూలన దుమ్ము పట్టి ఉంది, ఆడవాళ్ళ ఫ్రేము. దానికి పై రాడ్డు లేదు. హ్యాండిల్ దగ్గర మొదలైన రెండు గొట్టాలు కిందికి వంగి పెడళ్ళ దాకా దిగిపోతాయి. కాలు ఎత్తే పని లేదు, గడప దాటినట్టు దాటితే చాలు.

"గది గట్టిదేనా?" అన్నాడు.

"ఫ్రేము గట్టిదే గని, పై రాడ్డు లేదు గద. బరువేస్తే జర ఊగుతది. అయినా గది ఆడోళ్ళది, నీకెందుకు?"

చెప్పేద్దామనే నోరు తెరిచాడు లింగస్వామి. చిన్ననాటి దోస్తుకు కాక ఇంకెవరికి చెబుతాడు. సరిగ్గా అప్పుడే కిరాయి సైకిలు కోసం ఇద్దరు వచ్చి పక్కన నిలబడ్డారు. వాళ్ళను చూడగానే మాట మార్చేశాడు.

"మా నర్సమ్మకు," అన్నాడు.

పీర్ మహమ్మద్ ముఖం వెలిగిపోయింది. "శాన మంచి పని చేస్తున్నవ్. మా జాహేదా గూడ అడుగుతనే ఉంటది, నాకే మనసొప్పలే. మరి నీ సంగతేంది?"

"నాది తర్వాత సూద్దం. ముందు గది నిలబెట్టు. క్యారియర్ మాత్రం గట్టిది పెట్టు."

లింగస్వామి పథకం ఇది. సైకిలు ఇంటికి వస్తుంది. నర్సమ్మ దాన్ని ముట్టుకోదు, నాకెందుకని మూలన పడేస్తుంది. ఊరికే తుప్పు పడుతుందెందుకని తను తొక్కడం మొదలుపెడతాడు. ఎవరు అడిగినా చెప్పడానికి జవాబుంటుంది. పథకం బాగానే ఉంది, దాంట్లో నర్సమ్మను అడిగిన పాపాన పోలేదు, అంతే.

పొద్దుగూకి ఇల్లు చేరేసరికే పీర్ మహమ్మద్ భార్య జాహేదా వచ్చి అంతా చెప్పి పోయింది. కూతురు అత్తగారింటికి పోయాక ఇంట్లో ఉండేది ఇద్దరే. నర్సమ్మ రాట్నం ముందర కూర్చుని నూలు కండెలు చుడుతున్నది. "నాకెందుకయ్యా సైకిలు," అన్నది. కాసేపటికి మళ్ళీ అదే మాట అన్నది. నాకెందుకు నాకెందుకు అంటూనే, నూలు తేవడానికి ఎవరినీ బతిమాలే పని ఉండదనీ, చెల్లె ఊరికి పొద్దున పోయి మధ్యాహ్నానికి రావచ్చనీ చెప్పుకుపోయింది. అన్నం పెడుతూ ఉన్నట్టుండి ఆగింది.

"పెండ్లయినకాంచి నీకేం గావాలె అని నన్ను ఎన్నడన్న అడిగినవా? అడగలే. గిప్పుడు అడగకుండనే తెచ్చినవ్."

లింగస్వామి సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఆమె దాన్ని కూడా మురిపెం అనుకున్నది.

సైకిలు వచ్చింది. పీర్ మహమ్మద్ ఎప్పటిలాగే రెండింతలు చేశాడు. ముందర బుట్ట పెట్టాడు. చీర చిక్కకుండా వెనక చక్రానికి జాలీ కట్టాడు. ఆడమనిషి బరువెందుకు మోస్తుందని క్యారియర్ సన్నది వేశాడు. చైన్ కవర్ మీద పెయింటర్‌తో లక్ష్మీనర్సమ్మ అని రాయించి కింద రెండు పువ్వులు కూడా వేయించాడు. నర్సమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి తడిమింది. ఇంట్లో దేని మీదా ఆమె పేరు లేదు, చివరికి మంచినీళ్ళ చెంబు మీద కూడా మామగారి పేరే.

వారం తిరగక ముందే తొక్కడం వచ్చేసింది. జాహేదా వెనక పట్టుకుని బడి ముందర ఉరుకుతుంటే, ఈమె పడుతూ లేస్తూ నవ్వుతూ నేర్చుకున్నది. కొంగు నడుముకు చుట్టుకుని వాడకట్టులోంచి గంట కొడుతూ పోతుంటే ముసలివాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు, వయసు ఆడపిల్లలు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. లింగస్వామి కూడా చూశాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె అంత గట్టిగా నవ్వగా అతను వినలేదు. ఆ సైకిలు ఇటు తే అని ఏ నోటితో అంటాడు.

మూట భుజాన వేసుకుని బస్సెక్కాడు. బస్సు పెద్ద బాట మీదనే ఆగుతుంది, ఊళ్ళు లోపల ఉంటాయి. కంకర మీద నడిచి నడిచి మోకాళ్ళు ఉబ్బాయి. పోయే ఊళ్ళు తగ్గాయి. ఏమైందని అడిగితే ఎండలన్నాడు, గిరాకీ లేదన్నాడు. "నీ సైకిలు ఎప్పుడు చేయించుకుంటవ్?" అని నర్సమ్మ రోజూ అడిగేది. పీర్ భాయ్‌కి తీరుతలేదనేవాడు.

ఒక మధ్యాహ్నం సగం దారి నుంచే తిరిగి ఇంటికొచ్చాడు. ఇంట్లో ఎవరూ లేరు. సైకిలు గోడకు ఆనించి ఉంది. ఇంటి వెనక, వాడకట్టు వాళ్ళు మగ్గానికెక్కించే పడుగు నూలు సాపే ఖాళీ జాగా ఉంటుంది. సైకిలును అక్కడికి నడిపించుకుపోయి, అటూ ఇటూ చూసి, కుడి కాలు లోపలికి పెట్టాడు. అరుగు అక్కర్లేదు, బండ అక్కర్లేదు. కాలు ఇట్టే దాటింది. పెడల్ తొక్కితే మోకాలు నొప్పే లేదు, ఎత్తినప్పుడే దాని గొడవంతా. ఒక చుట్టు తిరిగాడు. ఇంకో చుట్టు తిరిగాడు. ముఖానికి గాలి తగులుతుంటే తనకు తెలియకుండానే నవ్వుతున్నాడు. మూడో చుట్టులో, నీళ్ళ బిందె చంకనెత్తుకుని నిలబడ్డ నర్సమ్మ కనబడింది.

అతను దిగాడు. దిగేటప్పుడు ఆ కాలు ఎంత సులువుగా బయటికి వచ్చిందో ఆమె చూసింది. బిందె కింద పెట్టింది.

"కింద కూసోలేక మంచం మీద కూసోని అన్నం తినవడ్తివి, ఏడాదాయె. నాకు తెల్వదనుకున్నవా? నువ్వే చెప్తవని ఊకున్న," అన్నది. "మోకాళ్ళని చెప్పలేక నా పేరు చెప్పినవ్."

ఆమెకు కోపం వచ్చింది. రాకుండా ఎట్లా ఉంటుంది. నా కోసం తెచ్చాడని ఊరంతా చెప్పుకున్నది. లోపలికి పోయి పొద్దుగూకే దాకా రాట్నం తిప్పుతూనే ఉన్నది. లింగస్వామి గడపలో కూర్చుని, ఉల్లిగడ్డల ముసలమ్మ లాగ తిట్టినా బాగుండుననుకున్నాడు. దీపం పెట్టాక ఆమె వచ్చి పక్కన కూర్చున్నది.

"రేపు పోయి గా బుట్ట తీసేయించు. క్యారియర్ గట్టిది పెట్టించు."

"నీ సైకిలు నాకెందుకు."

"నువ్వు మంచంల కూసుంటే నేను సైకిలు మీద యాడికి పోవాలె?"

"అందరు నవ్వుతరు నర్సమ్మ."

"నేనిచ్చిన అని చెప్పు. నా పేరుతోనే గద ఉన్నది."

మరుసటి పొద్దున అతను మూట కట్టుకుని బయల్దేరుతుంటే నర్సమ్మ గుమ్మంలో నిలబడి వాడకట్టంతా వినేటట్టు అరిచింది. "నా సైకిలు పైలం. ఇసుకల దించకు. పొద్దుగూకక ముందే తెచ్చియ్యి." ఇరుగుపొరుగు విరగబడి నవ్వారు. పెళ్ళాం దగ్గర సైకిలు అడుక్కునే మగడని లింగస్వామికి పేరు పడింది. ఆ పేరు మోయడం అతనికి కష్టం కాలేదు. పెళ్ళానికి భయపడేవాణ్ణి ఎవరూ మంచంలో కూర్చోబెట్టరు. పీర్ మహమ్మద్ మాత్రం నవ్వలేదు. బుట్ట విప్పి, క్యారియర్‌కు అదనంగా రెండు కడ్డీలు వేసి ఊగకుండా బిగించాడు. ఎందుకని అడగలేదు.

అట్లా వానకాలం గడిచింది, చలికాలమూ గడిచింది. ఎవరు అడిగినా లింగస్వామి జవాబు ఒకటే. మా ఇంటామెది, నాది రిపేరుకిచ్చిన. ఆ మాట నోటికి ఎంత అలవాటైందంటే అడగకముందే చెప్పేవాడు. నర్సమ్మ మళ్ళీ సైకిలెక్కలేదు. అతను చీకటి పడే వేళకు వస్తాడు, ఆమె గుడ్డ పెట్టి దుమ్ము తుడిచి లోపల పెడుతుంది. అతను అది చూసినా చూడనట్టే కాళ్ళు కడుక్కునేవాడు.

ఎండలు ముదిరే వేళ, మర్రిగూడ అవతల ఒక చిన్న ఊళ్ళో మారెమ్మ అనే ఆమె చీరలు చూపమని పిలిచింది. అరుగు మీద మూట విప్పాడు. చుట్టుపక్కల ఆడవాళ్ళు నలుగురైదుగురు చేరారు. గోడ పక్కన మంచంలో మారెమ్మ మొగుడు పోచయ్య కూర్చుని ఉన్నాడు. తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి, నలభై కూడా లేవు. మెడ బిగుసుకుపోయింది, పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పాలి. అతను చీరలను చూడటం లేదు, లింగస్వామినీ చూడటం లేదు. ఒళ్ళంతా సైకిలు వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"అన్నా, గా సైకిలు ఎవలది?" అన్నాడు చివరికి.

"మా ఇంటామెది. నాది రిపేరుకిచ్చిన," అన్నాడు లింగస్వామి, చీర మడత విప్పుతూనే.

"ఓ, గట్లనా," అని పోచయ్య మెల్లగా గోడ వైపు తిరిగిపోయాడు.

మారెమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "ఆయనకు చెట్టెక్కుడు బందయింది అన్నా. కల్లు మండువకాడికన్న పోయి నలుగురితోని కూసుందమంటే కాలు లేస్తలేదు, సైకిలు అమ్మేసినం. గసొంటిది ఉంటే ఎక్కుదును అంటడు. ఆడోళ్ళ సైకిలు మొగోడు ఎక్కుతడా అని మా వాళ్ళు నవ్విండ్రు. ఇయ్యాల నిన్ను జూసి, గా అన్న ఎక్కుతుండు గద అన్నడు."

"ఊకోయే," అన్నాడు పోచయ్య గోడకే. "వాళ్ళ ఇంటామెదేనట గద."

లింగస్వామి చేతిలో చీర అట్లాగే ఉండిపోయింది. ఇన్ని నెలలుగా ఆ అబద్ధం ఎవరికీ నష్టం చేయలేదనుకుంటున్నాడు. తనను కాపాడిందనే అనుకున్నాడు. ఇప్పుడు అదే మాట పోయి ఓ మనిషిని గోడ వైపు తిప్పేసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చీరల కోసం ఎదురుచూస్తున్నారు. వీళ్ళు విన్నారంటే రేపటికి అన్ని ఊళ్ళకూ తెలుస్తుంది. చండూరుకూ తెలుస్తుంది.

"అబద్ధం చెప్పిన తమ్మీ," అన్నాడు. "గా సైకిలు నాదే. నా మోకాళ్ళు గూడ మడుస్తలేవు. రాడ్డు దాటలేక నేనే కొనుక్కున్న. సిగ్గుపడి ఆమె పేరు చెప్తున్న."

ఎవరూ నవ్వలేదు. పోచయ్య మళ్ళీ ఇటు తిరిగేసరికి కొంచెం సేపు పట్టింది.

లింగస్వామి క్యారియర్ మీది సామాను దించి, సైకిలు తెచ్చి మంచం పక్కన నిలబెట్టాడు. "రా, ఎక్కి చూడు. కాలు ఎత్తకు, గడప దాటినట్టు దాటు." పోచయ్య లేచాడు. కాలు దాటింది. సీటు పట్టుకుని లింగస్వామి కొంత దూరం బిగుసుకున్న కాళ్ళతోనే వెంట నడిచి, వదిలేశాడు. పోచయ్య గోడల వెంబడి వాడ చివరి దాకా పోయాడు. అక్కడ కాలు ఆనించి నిలబడ్డాడు, వెనక్కి చూడలేడు గదా.

"అన్నా, ఎనకకెళ్ళి ఎవలన్న వస్తున్నరా?" అని అక్కణ్ణుంచి కేకేశాడు.

"ఎవలు లేరు తమ్మీ, మలుపు," అన్నాడు లింగస్వామి. మారెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నది. లింగస్వామికీ కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు.

ఆ రాత్రి నర్సమ్మ కండెలు చుడుతుంటే వచ్చి చెప్పాడు. "సైకిలు నాదని చెప్పిన ఇయ్యాల. మోకాళ్ళ సంగతి గూడ చెప్పిన."

రాట్నం ఆగింది. "ఎవలకు?"

"అడిగినోళ్ళకు, అడగనోళ్ళకు. అందరికి."

"మంచిగ చేసినవ్," అన్నది. తెగిన పోగు వెతికి ముడివేసుకుని, తల వంచుకునే అడిగింది. "గట్లయితే మరి నాదేది?"

లింగస్వామి చైన్ కవర్ మీది ఆమె పేరు వైపు చూశాడు.

"నాకు గూడ ఒకటి గావాలె," అన్నది నర్సమ్మ. "మోకాళ్ళు మంచిగున్నన్ని దినాలు నేను గూడ తొక్కుకుంట."

ఆమె కూడా అవే నీళ్ళు తాగుతున్నదన్న సంగతి లింగస్వామికి అప్పటిదాకా తట్టనే లేదు. తెల్లారి పీర్ మహమ్మద్ దుకాణం తలుపులు తీసేసరికి, ఇద్దరూ వచ్చి గడపలో నిలబడి ఉన్నారు.